పెన్షన్ లిస్టులో కనపడని వృద్ధులు: ఒక కోనసీమ పంచాయతీ కేస్ స్టడీ

ఊళ్లో అరవై దాటినవాళ్లు ఎంతమంది అని ఏ గ్రామ సచివాలయంలో అడిగినా ముందు చేతికొచ్చేది పెన్షన్ లిస్టు. ఎన్టీఆర్ భరోసా కింద ఎవరికి డబ్బు వెళ్తోందో అది చెబుతుంది, అంతవరకే. భూమి పరిమితి దాటిన రైతు అందులో ఉండడు. రిటైరైన టీచరు ఉండరు. కొన్ని మినహాయింపులు తప్ప ఇంటికి ఒక్క పెన్షనే కాబట్టి, భర్తకు వస్తుంటే భార్య పేరు కనపడదు. ఆయన పోయాక ఆవిడకు మారుతుంది. అంటే ఆవిడ లెక్కలోకి రావాలంటే ముందు ఒంటరి కావాలి.

మేం పనిచేసిన పంచాయతీలో గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాసేటప్పుడు ఈ చిక్కు ఎదురైంది. వృద్ధుల కోసం ఏదో ఒకటి పెట్టాలని అందరూ ఒప్పుకున్నారు. ఎక్కడ, ఎవరికి, ఏం పెట్టాలో చెప్పే కాగితం మాత్రం ఒక్కటీ లేదు. ఊళ్లో ఉన్న రికార్డుల నుంచే ఆ కాగితం ఎలా తయారైంది, దాంతో ఏ పనులు జరిగాయి, ఏవి జరగలేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ఊరి పేరూ, పేటల వారీ అంకెలూ ఇవ్వడం లేదు. రెండు మూడు వేల జనాభా ఉన్న చోట "ఫలానా పేటలో ఒంటరిగా ఉంటున్న ఎనభై దాటిన స్త్రీలు" అని ఒక గడిలో అంకె వేస్తే, ఆవిడ ఎవరో పక్క ఊరివాళ్లకి కూడా తెలిసిపోతుంది. ఇలాంటి జాబితా సేవ చేసేవాళ్ల కన్నా మెళ్లో గొలుసు తెంపేవాడికి ఎక్కువ పనికొస్తుంది. ఈ భయం పని మొదలుపెట్టక ముందే ఉండాలి కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

రాష్ట్రం అంకె ఊరికి పనికిరాదు

2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో అరవై దాటినవాళ్లు 9.8 శాతం. అప్పటి దేశ సగటు 8.6. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లో ఈ వాటా 2021కి 12.4, 2031కి 16.4 శాతం ఉంటుందని కేంద్ర ప్రభుత్వ అంచనాలు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి పిల్లల సగటు 1.7. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది కూడా.

ఈ అంకెలు ముఖ్యమంత్రి ప్రసంగానికి సరిపోతాయి, పంచాయతీ కార్యదర్శికి సరిపోవు. జనగణన గ్రామస్థాయిలో ఇచ్చే ప్రాథమిక పట్టికలో మొత్తం జనాభా, ఆరేళ్లలోపు పిల్లలు, అక్షరాస్యులు, పనివాళ్లు లాంటివి ఉంటాయి. అరవై దాటినవాళ్ల గడే ఉండదు. పైగా అది 2011 నాటిది. తర్వాతి జనాభా లెక్కింపు 2027లో జరిగి, పట్టికలు బయటికొచ్చేసరికి ఇంకెంత కాలమో. కోనసీమ లాంటి చోట రాష్ట్ర సగటు మరీ మోసం చేస్తుంది. ఇక్కడి వయసులో ఉన్నవాళ్లు హైదరాబాదులో, కువైట్‌లో, దోహాలో ఉంటారు. ఊళ్లో మిగిలే జనంలో పెద్దవాళ్ల వాటా సహజంగానే పెరిగిపోతుంది.

ఊళ్లోనే ఉన్న రికార్డులు

కొత్త సర్వే వద్దని ముందే అనుకున్నాం. సర్వే అనగానే జనం "మళ్లీనా?" అంటారు, ఆ అనడం న్యాయమే. ఉన్నవాటిని ఒకదానికొకటి ఎదురుగా పెట్టి చూద్దామనుకున్నాం.

పునాదిగా ఓటర్ల జాబితా తీసుకున్నాం. బీదా గొప్పా తేడా లేకుండా పెద్దవాళ్లందరి పేర్లూ ఉండే జాబితా ఊళ్లో అదొక్కటే. ఇంటి నంబరు, వయసు, తండ్రి పేరో భర్త పేరో అన్నీ ఉంటాయి. దాని జబ్బు అందరికీ తెలిసిందే: చనిపోయినవాళ్లూ వెళ్లిపోయినవాళ్లూ ఏళ్ల తరబడి అందులోనే ఉండిపోతారు. పంచాయతీ మరణాల రిజిస్టరుతో పోల్చి ఏరేద్దామంటే ఇంకో చిక్కు వచ్చింది. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. కాకినాడలోనో అమలాపురంలోనో ఆస్పత్రిలో పోయినవాళ్లు మన ఊరి రిజిస్టరులో ఉండరు. పెద్దవాళ్లను చివరి రోజుల్లో ఆస్పత్రికి తీసుకెళ్లడం పెరిగినకొద్దీ ఊరి మరణాల పుస్తకం పలచబడుతూ వస్తుంది. ఆ లోటు ఆశా కార్యకర్తలు పూడ్చారు. ఎవరు ఎప్పుడు పోయారో వాళ్లకు నోటికి వచ్చు.

మరీ పెద్దవాళ్ల కోసం ఊరి ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) దగ్గర ఇంకో ఆధారం దొరికింది. 2024 ఎన్నికల్లో 85 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు ఇచ్చారు. అందుకోసం ఫారం 12-డీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన మనిషికి ఎవరు మంచం మీదున్నారో, ఎవరు చెంగున లేచి బూత్‌కే వస్తామన్నారో గుర్తుంది.

అన్నిటికన్నా విలువైన సమాచారం ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం దగ్గరుంది. ముప్పై దాటిన అందరికీ బీపీ, షుగర్ పరీక్షల కోసం నింపే ఫారంలో అరవై దాటినవాళ్లకు విడిగా కొన్ని ప్రశ్నలుంటాయి: నిలబడితే, నడిస్తే తూలుతున్నారా, కదలనివ్వని వైకల్యం ఏదైనా ఉందా, తినడానికి, స్నానానికి, దొడ్డికి వెళ్లడానికి ఎవరి సాయమైనా కావాలా, దగ్గరివాళ్ల పేర్లు, సొంత ఇంటి అడ్రసు మర్చిపోతున్నారా. ఊరి ప్రణాళికకు ఇంతకన్నా మంచి ప్రశ్నలు నేను రాయలేను. అయితే ఆ జవాబులు ఫోనులోంచి పైకి వెళ్లిపోతాయి, పంచాయతీకి తిరిగి రావు. ఏఎన్ఎం ఒక నోటుబుక్కు కూడా రాసుకోవడం మా అదృష్టం. ఆవిడ ఆ పుస్తకం మాకివ్వలేదు, ఇవ్వకూడదు కూడా. మా జాబితాలో పేర్ల ఎదురుగా "సాయం కావాలి", "అక్కర్లేదు" అని మాత్రం తనే టిక్కు పెట్టింది. ఎవరికి ఏ జబ్బో మాకెవరికీ తెలియదు.

రేషన్ డీలర్ దగ్గర ఇంటికే బియ్యం అందించాల్సిన 65 దాటినవాళ్ల, దివ్యాంగుల జాబితా 2025 జూన్ నుంచి ఉంటోంది. అంగన్‌వాడీ, బడి హాజరు పట్టీలు కూడా చూశాం. వాటి సంగతి తర్వాత.

ఇవన్నీ ఒక ఎక్సెల్ షీటులోకి ఎక్కించింది సచివాలయం డిజిటల్ అసిస్టెంటు. ఇంటి నంబర్లు ఒక రికార్డుకీ ఇంకో రికార్డుకీ కలవలేదు. పాత నంబరు, కొత్త నంబరు, నంబరే లేని రేకుల షెడ్డు. చివరికి ఇంటికి గుర్తుగా కరెంటు మీటరు సర్వీసు నంబరు వాడాం. గోడ మీద రంగు వెలిసిపోయినా మీటరు మీద అంకె పోదు.

కాగితం మీది కుటుంబం

ఇక్కడి దాకా వచ్చాక చాలామంది ఆగిపోతారు: జాబితా వచ్చింది, ఏ ఇంట్లో ఎవరున్నారని సచివాలయం రాసుకున్న హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌తో కలిపితే ఎవరు ఒంటరో తేలిపోతుంది అనుకుని. తేలదు.

సచివాలయం రికార్డులో అయిదుగురున్న కుటుంబం అని ఉంటుంది. వెళ్లి చూస్తే ఇంట్లో ఉండేది ఒక్క పెద్దావిడ. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు హైదరాబాదులో ఉంటారు, మ్యాపింగ్ మాత్రం ఇక్కడే. దీనికి పూర్తిగా తిరగేసిన కేసులూ ఉన్నాయి. కొడుకు కారు కొన్నాడనో, పన్ను కడుతున్నాడనో తల్లికి పథకం ఆగిపోతుందన్న భయంతో కాగితం మీద విడిపోతారు. ఒకే వంటగది, ఒకే వసారా, రెండు బియ్యం కార్డులు. రికార్డులో ఆవిడ ఒంటరి. నిజానికి మనవరాలు ఆవిడ పక్కలోనే పడుకుంటుంది.

అర్హత నిబంధనలు ఏ రికార్డును తాకితే ఆ రికార్డు ఆ నిబంధనకు తగ్గట్టు వంగుతుంది. జనాన్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఎవరు ఎవరితో ఉంటున్నారన్న ఒక్క విషయంలో మాత్రం సర్కారు డేటాను నమ్మి ప్రణాళిక వేయకూడదని నా అభిప్రాయం. దానికి గుమ్మం దాకా వెళ్లాల్సిందే.

ఇక వంతుల మీద బతికేవాళ్లున్నారు. పెద్దకొడుకు దగ్గర నాలుగు నెలలు, రెండోవాడి దగ్గర నాలుగు, కూతురి దగ్గర మిగిలినవి. వీళ్లు ఏ ఊరి లెక్క? మేం "వంతు" అని విడిగా ఒక గడి పెట్టాం, ఏ నెలల్లో ఇక్కడుంటారో రాశాం. ఆ గడి ఇప్పటికీ సరిగ్గా నిలవదు, ఎందుకంటే వంతులు గొడవలతో మారిపోతుంటాయి.

వయసు గురించీ ఒక మాట. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉన్న పెద్దవాళ్లు కుప్పలు. పుట్టిన తేదీ తెలియక వయసు మాత్రం చెప్పినవాళ్లకు పడే తేదీ అది. ఓటర్ల జాబితాలోనూ 60, 65, 70 దగ్గర మనుషులు గుంపుగా ఉంటారు, మధ్య అంకెలు బోసిగా ఉంటాయి. 62కీ 65కీ మధ్య తేడాతో మాకు పనిలేదు గానీ, 75 దాటారా లేదా అన్నది కావాలి. అందుకు గోదావరినే అడిగాం. 53 వరద నాటికి నువ్వు నడుస్తున్నావా, చంకలో ఉన్నావా? 77 ఉప్పెనకి పెళ్లయిందా? 86 వరదకి పెద్దోడు బడికెళ్తున్నాడా? 96 తుఫానుకి మనవలున్నారా? తేదీలు చెప్పలేనివాళ్లు కూడా వీటికి తడుముకోకుండా చెప్పారు. కొందరు చెప్పడం ఆపలేదు కూడా, ఆ మధ్యాహ్నాలు అలాగే గడిచిపోయాయి.

గుమ్మం దగ్గర అడిగినవి

డ్వాక్రా సంఘం లీడర్లు, ఆశాలు, ఏ ఇంట్లో ఎవరున్నారో ఎప్పుడూ ఎరిగి ఉండే పోస్ట్‌మాన్. వీళ్లతో ఇల్లిల్లూ తిరిగాం. పెద్ద ఫారం లేదు. నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారు? రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే ఎవర్ని పిలుస్తారు? ఇదివరకు చేసుకుంటూ ఈమధ్య మానేసిన పని ఏమిటి?

"మీ ఇంట్లో ఎంతమంది" అని అడిగితే బియ్యం కార్డులోని జవాబు వస్తుంది. "నిన్న రాత్రి" అని అడిగితే నిజం వస్తుంది.

రెండో ప్రశ్నకు వచ్చిన ఒక జవాబును ఉన్నదున్నట్టు రాస్తాను.

"రాత్రి ఏదైనా అయితే ఎవర్ని పిలుస్తారు మామ్మగారూ?"

"మా అబ్బాయికి ఫోన్ చేస్తానండి."

"ఆయన ఎక్కడుంటారు?"

"కువైట్‌లోనండి. ఆడు ఎదురింటోళ్లకి ఫోన్ చేసి లేపుతాడు. ఆయ్."

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఇలాంటి జవాబులే ఇంకొన్ని వచ్చేసరికి నవ్వు పోయింది. ఎదురిల్లు పది అడుగుల దూరంలో ఉంది, సాయం మాత్రం సముద్రం దాటి తిరిగి రావాలి. ఎదురింటివాళ్ల నంబరు తన ఫోనులో లేకపోవడం ఒక కారణం. వాళ్లను నేరుగా అడగడానికి మొహమాటం పెద్ద కారణం.

మూడో ప్రశ్నకు వచ్చిన జవాబులు మా అంచనాలను తారుమారు చేశాయి. మేం మందులు, డాక్టరు అంటారనుకున్నాం. వాళ్లు చెప్పింది కాలవ రేవు మెట్లు దిగడం మానేశాం, గుడికి వెళ్లడం మానేశాం, దొడ్లో మరుగుదొడ్డికి వెళ్లడం తగ్గించడానికి సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేశాం. ఈ చివరిది ఎక్కువగా ఆడవాళ్లు, అదీ గొంతు తగ్గించి చెప్పారు. ఊళ్లో కట్టిన మరుగుదొడ్లు చాలావరకు ఎత్తు అరుగు మీద, ఇరుకు గదిలో, కింద కూర్చునేవి. మోకాళ్లు వంగని మనిషికి అది ఉన్నా లేనట్టే.

మ్యాపు గీస్తే ఇంకో విషయం బయటపడింది. కష్టం ఎక్కువగా ఊరి చివరి పేటల్లో ఉంటుందనుకున్నాం. అక్కడ డబ్బు లేమి ఉంది, నిజమే. కానీ అక్కడ గుమ్మాలు ఎదురెదురుగా, మనుషులు దగ్గర దగ్గరగా ఉంటారు. రాత్రి పిలిస్తే పలికే మనిషి లేనివాళ్లు ఎక్కువగా కనపడింది మెయిన్ రోడ్డు మీది రెండంతస్తుల ఇళ్లల్లో. పిల్లలు అమెరికాలో, పెద్ద గేటు, లోపల ఇద్దరు, కొన్నిచోట్ల ఒక్కరు. పెన్షన్ లిస్టులో, రేషన్ లిస్టులో వీళ్లెవరూ లేరు. ఏ పథకం మనిషీ ఆ గేటు తీయడు.

పంచాయతీలో

సర్పంచ్‌గారు మొదట్లో మర్యాదకు విన్నారు. రోడ్లు, డ్రైన్ల మీద ఉన్న ఒత్తిడిలో అది సహజమే. ఆయన్ను కదిలించింది మా మ్యాపు కాదు, ఏరిన ఓటర్ల జాబితా. పోయినవాళ్లనీ ఊళ్లో లేనివాళ్లనీ తీసేసి, మిగిలినవాళ్లను వయసుల వారీగా పెట్టి చూపిస్తే ఆయన చాలాసేపు చూశారు. నిజంగా ఊళ్లో ఉండి ఓటేసేవాళ్లు ఎవరో రాజకీయ నాయకుడికి వివరించి చెప్పక్కర్లేదు. ఆ కాగితం పక్కనే బడి పట్టీ పెట్టాం. ఏటికేడాది ఒకటో తరగతిలో చేరే పిల్లలు తగ్గుతున్న పట్టీ.

డబ్బుల విషయం సూటిగా చెప్పుకోవాలి. కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికి కట్టేసి ఉండేవి. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకునే వీలుండేది, జీతాలకు మాత్రం కాదు. అందుకని మనిషి జీతం అవసరమయ్యే ఏ ఆలోచనా ప్రణాళికలో నిలవలేదు. పారిశుధ్యం గడిలోకి వచ్చే పనిని వృద్ధుల అవసరంగా చూపించగలిగితే ఆ 60 శాతమూ పనికొచ్చేది. సామూహిక మరుగుదొడ్డికి కమోడు, పట్టుకోవడానికి కడ్డీ, దారిలో లైటు ఆ లెక్కలోనే వెళ్లాయి. రేవు మెట్లకు ఇనుప కడ్డీలు, గుడి దారిలో రెండు సిమెంటు అరుగులు 40 శాతంలోంచి వచ్చాయి.

పైసా ఖర్చు లేనివి కొన్ని. ఊళ్లకు వైద్యం తెచ్చే 104 వాహనం ఎప్పుడూ పంచాయతీ ఆఫీసు ముందే ఆగేది. ఒకసారి ఇక్కడ, ఇంకోసారి కాలవ అవతలి పేటలో ఆగేలా మెడికల్ ఆఫీసరుగారు ఒప్పుకున్నారు. మ్యాపు చూపించకముందు ఇదే కోరితే "అక్కడ ఎవరుంటారు?" అన్న మాట వచ్చేది. పేర్లు లేకుండా, పేటలో నడవలేనివాళ్ల అంకె ఒక్కటే చూపిస్తే సరిపోయింది. చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. దాని క్యాంపులకు మాత్రం నడవగలిగినవాళ్లే వెళ్తారు. వాకరు అవసరమైన మనిషి వాకరు తెచ్చుకోవడానికి ఎలా వెళ్తాడు? జాబితా ఉంటే ఎవరికి ఆటో కట్టాలో ముందే తెలుస్తుంది.

కువైట్ ఫోను సంగతికి మందు చిన్నదే. ఎదురిల్లు, పక్కిల్లు, ఆశా, 108, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబర్లు పెద్ద అక్షరాలతో అట్టముక్క మీద రాసి మంచం పక్కన గోడకు పెట్టాం. ఎదురింటివాళ్లను ముందుగా సంఘం లీడరు అడిగి ఒప్పించింది. అడిగే పని మూడో మనిషి చేస్తే మొహమాటం సగం తగ్గుతుంది.

మధ్యాహ్న భోజన కేంద్రం మాత్రం సాగలేదు. పిల్లలు లేక ఖాళీ అయిన బడి గదిలో పెట్టాం, డ్వాక్రా మహిళలు వండారు. మొదట్లో వచ్చిన కొద్దిమందీ నెమ్మదిగా మానేశారు. "కొడుకులు కూడెట్టట్లేదని ఊరంతా అనుకోదా?" అని ఒకాయన సూటిగా అడిగారు. వండింది ఎవరు, పక్కన కూర్చుంది ఎవరు అన్న లెక్క కొందరికి ఉంది, ఆ మాట పైకి అనలేదు. ఆకలి ఎవరికుందో డేటా చెప్పగలిగింది, పదిమందిలో కూర్చుని తినగలరో లేదో చెప్పలేదు. అదే గదిలో ఉదయంపూట బీపీ చూడటం, కాసేపు కాళ్లూ చేతులూ ఆడించడం, పేపరు చదవడం పెడితే జనం వస్తున్నారు. టీ తాగుతారు. టీకి పరువు పోదు.

మొంథా రాత్రి

2025 అక్టోబరు 28న మొంథా తుఫాను తీరం దాటే ముందు తరలింపులు మొదలయ్యాయి. సాధారణంగా అలాంటప్పుడు మైకులో చెబుతారు, కదలగలిగినవాళ్లు కదులుతారు. ఈసారి సచివాలయం దగ్గర ఒక కాగితం ఉంది: మంచంతో సహా మోయాల్సినవాళ్లు, చెయ్యి పట్టుకుంటే నడిచేవాళ్లు, రానని మొండికేసేవాళ్లు, వాళ్లు ఎవరి మాట వింటారో వాళ్ల పేరు. ఆ చివరి గడిని ఒక ఆశా సొంతంగా చేర్చింది. ఆ రాత్రి అన్నిటికన్నా పనికొచ్చింది అదే.

తుఫాను పునరావాస కేంద్రానికి చేరాక కొత్త లోటు తెలిసింది. మరుగుదొడ్డి మళ్లీ కింద కూర్చునేదే. మడత కమోడు కుర్చీలు ఇప్పుడు తుఫాను సామాన్ల జాబితాలోకి చేరాయి.

జాబితాను నిలబెట్టడం

తయారైన రోజు నుంచే జాబితా పాతబడుతుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున పెన్షన్ ఇవ్వడానికి సిబ్బంది ఎలాగూ గుమ్మాలకు వెళ్తారు. మార్పు కనపడితే అప్పుడే రాసుకోవడం అలవాటు చేశాం: కొత్తగా మంచాన పడ్డారు, కొడుకు తిరిగొచ్చాడు, వంతు మారింది. పెన్షన్ లేని ఇళ్లకు, ముఖ్యంగా ఆ పెద్ద గేట్ల ఇళ్లకు, ఎవరూ వెళ్లరు కాబట్టి వాటిని డ్వాక్రా లీడర్లు పంచుకున్నారు. ఈ భాగం నడుస్తోందని చెప్పగలను, బాగా నడుస్తోందని చెప్పలేను. కొన్ని గేట్ల దగ్గర కుక్కలున్నాయి, కొన్ని చోట్ల "మాకేం అవసరం లేదండి" అంటారు. వద్దన్నవాళ్ల పేరు జాబితాలోంచి తీసేస్తాం, అది మొదట్లో గ్రామసభలో ఇచ్చిన మాట.

పేర్లున్న కాపీలు రెండే: ఒకటి ఏఎన్ఎం దగ్గర, ఒకటి కార్యదర్శి బీరువాలో. వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదన్నది రాసుకున్న నియమం. పథకాల లబ్ధిదారుల జాబితాలు గోడకు అంటించే అలవాటున్న చోట దీన్ని మాత్రం అంటించకుండా ఆపడానికి ప్రతి కొత్త ఉద్యోగికీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది. సచివాలయం సిబ్బందికి బదిలీలు మామూలే. ఆశాలు, డ్వాక్రా లీడర్లు మాత్రం ఊళ్లోనే ఉంటారు. ఏదైనా పంచాయతీ ఈ పని మొదలుపెట్టాలనుకుంటే జాబితా బాధ్యతను వాళ్లలో ఒకరి చేతిలో పెట్టమంటాను.

ఇప్పుడు షీటులో యాభై దాటినవాళ్లను కూడా చేరుస్తున్నాం. వచ్చే పదేళ్లలో అరవైకి చేరేది వాళ్లే. వాళ్ల పిల్లలు ఎక్కడున్నారన్న గడిలో ఇప్పటికే ఎక్కువగా కనిపిస్తున్నవి వేరే ఊళ్ల పేర్లు. ఇల్లు కొత్తగా కట్టుకుంటున్నవాళ్లకు కింది గదిలో కమోడు, గడప లేని తలుపు పెట్టుకోమని పంచాయతీ ప్లాను అనుమతి ఇచ్చేటప్పుడే చెప్పాలని ఈసారి గ్రామసభలో అనుకున్నారు. తాపీ మేస్త్రీలను కూడా ఆ సభకు పిలిచారు.